ఒక్క సీటు బండి

లారీ వెనక తలుపు దించి, రెండు పలకలు ఏటవాలుగా ఆనించి, వాటి మీదుగా రెండు బండ్లనూ నేల మీదికి దించారు. ముందు ఎర్రది, తర్వాత పచ్చది. పాలిష్ మిషన్లు ఆగిపోయాయి. నాపబండలు తుడిచే ఆడవాళ్ళు తడి గోనెపట్టలు చేతుల్లో పట్టుకునే రేకుల షెడ్డు అంచుకు వచ్చి నిలబడ్డారు. తిరుపతమ్మ బండ్లను చూడలేదు. ముందు కూతురు ఎక్కడుందా అని చూసింది. నాలుగేళ్ళ మధులత అప్పటికే లారీ చక్రానికి మూరెడు దూరంలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. తిరుపతమ్మ పరుగున పోయి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

"లారీ ఎనక్కొస్తే ఏమైతావే? చెప్తే ఇనవా?"

"కప్పలు మా," అంది మధులత వేలు చూపించి. "ఎంత పెద్ద కప్పలో సూడు."

ఆడవాళ్ళు నవ్వారు. ఆ పూటతోనే వాటికి కప్పబండ్లని పేరు పడిపోయింది. పేరు సరిగ్గానే కుదిరింది. పైన మోటార్ సైకిల్ హ్యాండిలు, కింద నాలుగు బలిసిన చక్రాలు. పక్కలకు కాళ్ళు చాపుకుని, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగురుతామన్నట్టు కూర్చున్నాయి.

కర్నూలు నుంచి వాటిని తెచ్చిన షావుకారు రాఘవేంద్రప్రసాద్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ పెద్దాయనకు చెబుతున్నాడు. పెద్దాయన లింగన్నది ఆ పాలిష్ ఫ్యాక్టరీ, దాని వెనక కొండ మీద బండలు తీసే గని. ఆఫీసు గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని వింటున్నాడు.

"ఈ ఎర్రది ఒగ మనిషికి పెద్దాయనా. కురచ. కొండదారిలో మలుపు దగ్గర గిర్రున తిరుగుతాది. ఈ పచ్చది ఇద్దరికి. పొడుగు. ఎనక కూర్చునేవానికి ఈపుకు దిండు, పట్టుకునేదానికి కమ్మీలు, కాళ్ళకు మెట్లు. ఎక్కుడులో తల ఎత్తదు. మూడు దినాలు రెండూ పెట్టుకోండి. తిప్పి చూసుకోండి. నచ్చింది ఉంచుకుంటే రెండోది నేను ఎత్తుకుపోతా."

"చూసేదేముండాది?" అన్నాడు పెద్దాయన కొడుకు, చిన్నాయన జయచంద్ర. అతను ఎర్రదాని మీద అప్పటికే కూర్చున్నాడు. "బెంగుళూర్లో నా ఫ్రెండ్సువన్నీ ఒక్క సీటువే. ఆదివారమైతే కొండల్లో తిరుగుతారు. ట్రయల్ రైడింగంటే ఒగడే పోవాల నాయనా. జతకు ఇంకొగన్ని ఏసుకోని పోయేదానికి అదేమన్నా పెండ్లి ఊరేగింపా?"

"ఎనక మనిషి లేకుండా పోతావా?"

పెద్దాయన గొంతు పెంచలేదు. కానీ షెడ్డు అంచున నిలబడ్డవాళ్ళందరూ ముందు గేటు వైపు చూశారు. గేటు దగ్గర గిడ్డయ్య ఉన్నాడు. అతని చొక్కా కుడిచెయ్యి మోచేతికి పైన మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఆరేళ్ళ కిందట మోటార్ సైకిల్ మీద పెద్దాయన వెనక కూర్చున్నది గిడ్డయ్యే. పగవాళ్ళ కొడవలి వెనక నుంచి వచ్చింది. పెద్దాయనకు గీత కూడా పడలేదు. ఇప్పుడు గిడ్డయ్య ఎడమచేత్తో గేటు తీస్తాడు, ఎడమచేత్తో వేస్తాడు.

"గిడ్డయ్యా, కొత్త బండ్లొచ్చినాయి. సప్పట్లు కొట్టప్పా," అని అరిచాడు పాలిష్ మిషను మీదుండే ఉరుకుందప్ప.

గిడ్డయ్య ఎడమచేత్తో తొడ మీద చరుచుకున్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

తర్వాత అందరి చూపూ ఓబుళేశు మీదికి తిరిగింది. ఓబుళేశు తిరుపతమ్మ మొగుడు. ఏడాదిన్నరగా చిన్నాయనకు వెనక మనిషి. వాళ్ళు కుట్టించిన తెల్లచొక్కా, వాళ్ళు కొనిచ్చిన బూట్లు. చిన్నాయన బండి నడుపుతుంటే వెనక కూర్చుని దారి వెనక్కి చూడటం అతని పని. ఆ చూపు అలవాటై ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా నాలుగు ముద్దలకొకసారి భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. వెనక గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ మెడ తిరిగినప్పుడల్లా తిరుపతమ్మకు చేతిలో గరిట ఆగిపోయేది.

ఆమె ఎర్ర బండి సీటును చూసింది. ఒక మనిషికి సరిపోయేంత నల్లటి దిండు. దాని వెనక సామాను కట్టుకునే ఇనుప చట్రం తప్ప ఇంకేమీ లేదు. రెండో సీటు లేకపోతే రెండో మనిషి ఉండడు. అంత చిన్న లెక్క తనకు ఇన్నాళ్ళూ దొరకనందుకు ఆమెకు ఆశ్చర్యం వేసింది.

*

మొదటి రోజు పచ్చ బండి తీశారు. పెద్దాయన మాట అది. చిన్నాయన ముందు, ఓబుళేశు వెనక. మధులత "నేనూ నాయనా" అంటూ గేటు దాకా పరిగెత్తి గిడ్డయ్య కాళ్ళకు తగిలి పడింది. తిరుపతమ్మ దాన్ని చంకనెత్తుకుని వచ్చి గోనెసంచి మీద కూర్చోబెట్టి, కదిలితే కాలు విరగ్గొడతానని చెప్పి పనిలో పడింది. మిషను కింది నుంచి వచ్చిన బండ మీద తెల్ల బురద అరంగుళం మందాన ఉంటుంది. నీళ్ళు చల్లి, పట్టతో పైనుంచి కిందికి ఒక్క ఈడ్పులో తుడవాలి. మధ్యలో ఆగితే గీత పడుతుంది. ఆ రోజు ఆమె తుడిచిన బండలు నాలుగింటి మీద గీతలు పడ్డాయి.

బండి చప్పుడు కొండ మీద నుంచి వినబడుతూనే ఉంది. ఒకచోట ఆగింది. ఆమె పట్ట పిండింది. ఇంకో బండ తుడిచింది. ఇంకొకటి. అప్పటికి గాని మళ్ళీ చప్పుడు రాలేదు.

మధ్యాహ్నం వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఓబుళేశు తెల్లచొక్కా ఎర్రమట్టి రంగులో ఉంది. మొహం మీద, కనుబొమ్మల్లో, పళ్ళ మీద కూడా మట్టి. చిన్నాయన కడుపు పట్టుకుని నవ్వుతూ దిగాడు.

"పులిబండ మలుపు కాడ ఇరుక్కుండె నాయనా. పొడుగు గదా, కడుపు రాయి మీద కూర్చుండె. ఈన్ని దిగి ఎత్తప్పా అంటి. ఈడు ఎనక చక్రం కాడ నిలబడుకోని ఎత్తుతాండాడు, నేను ఎక్సలేటరు తిప్పితి. మట్టంతా ఈని మొగం మీదనే! సూడు, ఇంగా ఉమ్ముతానే ఉండాడు."

"నోరు మూసుకోని ఎత్తల్ల గదప్పా," అన్నాడు ఉరుకుందప్ప. మళ్ళీ నవ్వులు.

బండి కడగమని తిరుపతమ్మకు చెప్పారు. బకెట్టు, చింకిగుడ్డ తెచ్చుకుని ఆమె కడిగింది. పచ్చది కడిగాక, దుమ్ము పడిందని ఎర్రది కూడా తుడవమన్నారు. ఎర్ర బండి వెనక చట్రం దగ్గర ఒక కాగితం అతికించి ఉంది. అందులో బొమ్మ: బండి మీద ముందొకరు, వెనకొకరు, వెనకవాని మీదుగా అడ్డంగా ఎర్రగీత. ఏడో తరగతి సగంలో బడి మాన్పించినా ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు గుర్తున్నాయి. మాటలు కూడుకోవడమే రాదు. ఆ బొమ్మకు మాటలు అక్కరలేదు. పెట్రోలు ట్యాంకు మీద ఇంకో కాగితం ఉంది. గుండ్రంలో పదహారు అంకె, దాని మీద కూడా ఎర్రగీత. అది బండి నంబరేమో అనుకుని దాని మీది దుమ్ము తుడిచింది.

ఇంటికి పోయాక ఓబుళేశు చొక్కా విప్పితే వీపు మీద కమ్మీలు కొట్టుకున్న చోట రెండు నల్లటి చారలు తేలాయి. ఆమె పసుపు, నూనె కలిపి రాసింది.

"ఎంతసేపు ఇరుక్కుండె?"

"ఒగ బీడీ కాల్చేంత సేపు."

"ఆడ ఎవురన్నా ఉండిరా?"

అతను విప్పిన చొక్కా మట్టి దులిపాడు. ఆమె వేలు చార మీదే ఆగింది.

"పైన ముగ్గురు నిలబడి సూస్తాండిరి," అన్నాడు చివరికి.

"ఎవురు?"

"ఎవురో. గొర్లు కాసేటోళ్ళేమో."

"గొర్లు ఉండెనా?"

"లేవు."

మధులత తలుపు దగ్గర గిన్నె బోర్లించి దాని మీద కూర్చుని, నోటితో బండి చప్పుడు చేస్తూ రెండు చేతులూ తిప్పుతోంది.

*

రెండో రోజు చిన్నాయన ఎర్ర బండి తీశాడు. సీటు ఒకటే కాబట్టి ఓబుళేశును ఇనుప చట్రం మీద కూర్చోమన్నాడు.

"దాని మీద సామాన్లు పెడతారు గదా చిన్నాయనా," అన్నాడు ఓబుళేశు.

"నువ్వేమన్నా కలెక్టరువా? కూర్చో."

గేటు దాటి కొండ మొదట్లో మొదటి ఎక్కుడు ఫ్యాక్టరీలో నుంచి బాగా కనిపిస్తుంది. బండి ఎక్కుతూ ఎక్కుతూ ముందు చక్రాలు గాలిలోకి లేపింది. ఓబుళేశు వెనక్కి పడ్డాడు. పడ్డవాడు రెండు పొర్లాడి రాళ్ళకుప్పకు తగిలి ఆగాడు. బరువు దిగగానే బండి కుదురుగా నేల పట్టుకుని జింకలా పైకి పోయింది. చిన్నాయన పైన నిలబడి చెయ్యి ఊపాడు. ఏమో అరిచాడు. ఓబుళేశు లేచి ప్యాంటు దులుపుకుని ఆ వైపు పరిగెత్తడం మొదలుపెట్టాడు. బండి కదిలింది. అతను పరిగెత్తుతూనే ఉన్నాడు. మలుపు దగ్గర బండి ఆగేది. అతను దగ్గరికి రాగానే మళ్ళీ కదిలేది.

పాలిష్ మిషన్లు ఆపి అందరూ చూశారు.

"మూడో గేరులో ఉండాడప్పా ఓబుళేశు."

"ట్యాంకులో పెట్రోలు ఉండాదో లేదో. పొద్దున సంగటి తినొచ్చినాడా తిరుపతమ్మా?"

తిరుపతమ్మ పట్ట పిండుతూ ఉంది. పిండడానికి అందులో నీళ్ళు లేవు. పక్కన మధులత గంతులు వేస్తూ, "మా నాయన ఉరుకుతాండాడు! మా నాయనే గెలుస్తాడు!" అని అరుస్తోంది.

పెద్దాయనకు ఆ ఆట నచ్చలేదు. చిన్నాయన వచ్చి బండి దిగాక, ఓబుళేశు ఇంకా గేటు దాకా రాకముందే అన్నాడు.

"ఎనక మనిషి అర మైలు దూరంలో ఉంటే వాన్ని ఏమంటారు రా?"

"ప్రేక్షకుడంటారు," అన్నాడు చిన్నాయన.

"రెండు సీట్లదే తీసుకుంటాండాం. రేపు షావుకారుకు ఫోను చేస్తా. ఎర్రది ఎత్తుకుపోతాడు."

చిన్నాయన హెల్మెట్టు విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ వచ్చి తిరుపతమ్మ బకెట్టుకు తగిలింది. ఆమె వంగి తీసి, కొంగుతో తుడిచి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకుని నిలబడింది. అప్పుడే ఓబుళేశు గేటులోకి వచ్చాడు. మోచేతి చర్మం లేచిపోయి, తెల్లచొక్కా చెయ్యి ఎర్రగా అతుక్కుని ఉంది. ఒగరుస్తూ వచ్చి చిన్నాయన వెనక తన జాగాలో నిలబడ్డాడు. నిలబడి, ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు.

పెద్దాయన కోపం చల్లారాలంటే ఎవరినో ఒకరిని ఏడిపించాలి. ఆమె కనబడింది.

"ఏమ్మే, కడిగేదానివి నువ్వే గదా. నువ్వు చెప్పు. యా బండి మేలు?"

అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నాకేం తెలుస్తాది పెద్దాయనా అని తల దించుకోవాలి. రోజూ అదే చెప్పేది. ఆమె నోట్లో నుంచి ఆ మాట రాలేదు.

"ఒక్క సీటుదే మేలు పెద్దాయనా."

"అబ్బో. ఎందుకో?"

"రెండు సీట్లది మలుపులో కడుపానితే కదలదు గదా. ఇరుక్కున్న బండి మీద ఉన్నోళ్ళు యాడికి పోతారు? నిన్న పులిబండ కాడ ఒగ బీడీ కాల్చేంత సేపు నిలబడిపోయినారంట. పైన ముగ్గురు సూస్తాండిరంట. గొర్లు కూడా లేవంట. ఒక్క సీటుదైతే తప్పించుకోని వచ్చేస్తారు చిన్నాయన." ఊపిరి తీసుకుంది. "ఎనక మనిషిని ఎక్కించగూడదని దాని మీదనే బొమ్మేసినారు. ఎనక మనిషి ఎక్కితే తల ఎత్తుతాది. ఇప్పుడు సూస్తిరి గదా."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కాలు మీద నుంచి కాలు దించాడు.

"ముగ్గురా?"

అడిగింది ఆమెను కాదు. ఓబుళేశు నేల చూశాడు. చిన్నాయన జేబులో నుంచి సెల్లు తీసి నొక్కుకుంటున్నాడు.

"ముగ్గురుండిరా ఓబుళేశూ?"

"ఉండిరి పెద్దాయనా."

"నీ పెండ్లానికి చెప్పినావు. నాకు చెప్పలేదు."

ఓబుళేశు చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన సెల్లు మీద నుంచి తల ఎత్తలేదు.

"కండ్లుండేది ఎందుకు నీకు? అన్నం పెట్టేది నీ కండ్లకు గదా." పెద్దాయన గొంతు అప్పుడు కూడా పెరగలేదు. "ఆ చొక్కా ఇప్పు."

ఓబుళేశు విప్పాడు. మోచేతి దగ్గర గుడ్డ అతుక్కుపోయి రాలేదు. లాగాడు. వచ్చింది. బూట్లు కూడా విప్పమన్నాడు పెద్దాయన. విప్పి, చొక్కా మడిచి, బూట్ల మీద పెట్టాడు ఓబుళేశు. వీపు మీద పసుపు చారలు అందరికీ కనబడుతున్నాయి.

"రేపుటి నుంచి మిషను కాడికి పో. ఉరుకుందప్పా, వానికి పని చూపీ."

పెద్దాయన కొంతసేపు కొండ వైపు చూసి, చివరికి ఎర్ర బండి వైపు గడ్డం ఎత్తాడు.

"ఇదే ఉంచు."

ఇంటి దారిలో ఓబుళేశు ఆమెకు పది అడుగులు ముందు నడిచాడు. గడప దగ్గర ఆగి, తిరక్కుండానే అన్నాడు.

"చిన్నాయనే చెప్పొద్దన్నాడు నాకు. నాయనకు తెలిస్తే బండి తియ్యనీడని."

"ఆ మాట ఆడ అనుండొచ్చు గదా."

"అంటే బతకనిస్తారా?" అని లోపలికి పోయాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

*

మూడు రోజులు మాట్లాడలేదు. మిషను దగ్గర మోకాళ్ళ దాకా తెల్ల బురదలో నిలబడి పని చేశాడు. "బూట్లేసుకోని రాకపోతివా దొరా?" అని ఉరుకుందప్ప అంటే తల వంచుకుని బండ తిప్పాడు. సాయంత్రానికి అతని కాళ్ళు, చేతులు, వెంట్రుకలు అన్నీ తెల్లబడేవి. ఇంటికి వచ్చి కడుక్కుని కంచం ముందు కూర్చునేవాడు. రెండో రోజు తిరుపతమ్మ గమనించింది. అన్నం మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా అతను ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయి, బెల్లం గడ్డ చిదిపి, నెయ్యి వేసి, మధులత చేతిలో పెట్టింది.

"ఏం పండగ మా?"

"గమ్మున తిను."

శుక్రవారం బండికి పూజ పెట్టారు. పచ్చ బండిని ఎత్తుకుపోవడానికి షావుకారు లారీతో వచ్చాడు. ఎర్ర బండికి బంతిపూల దండ, హ్యాండిలుకు నిమ్మకాయలు, ట్యాంకు మీద మూడు కుంకుమ బొట్లు. ఒక బొట్టు ఆ పదహారు అంకె మీద పడింది. కర్నూలు నుంచి చిన్నాయన భార్య, కూతురు కూడా వచ్చారు. ఆ పాపదీ మధులత వయసే. నాలుగు నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టాక ఆ పాప బండెక్కుతానని ఏడ్చింది.

"వద్దు నాన్నా, దుమ్ము," అంది వాళ్ళమ్మ. ఎత్తుకుని కారులోకి తీసుకుపోయి అద్దాలు ఎత్తేసింది.

ఖాళీగా ఉన్న బండి పక్కన ఇంకో పిల్ల నిలబడి ఉంది. చిన్నాయన దాని రెండు రెక్కలూ పట్టుకుని ఎత్తి, ట్యాంకు మీద తన ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఫ్యాక్టరీ ఆవరణలో రెండు చుట్లు తిప్పాడు. మధులత నవ్వు మిషన్ల చప్పుడు మీదుగా వినబడింది. తిరుపతమ్మ కూడా నవ్వింది. పెద్దింటివాళ్ళు తన బిడ్డను ఎత్తుకోవడం అదే మొదటిసారి.

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. ఇంకో చుట్టు తిప్పమని వేలు తిప్పాడు. మూడో చుట్టు అయ్యాక గిడ్డయ్యను పిలిచాడు.

"గిడ్డయ్యా, ఆ దినం బండి మీద నా ముందర పసిబిడ్డ ఉండుంటే?"

గిడ్డయ్య మడిచిన చొక్కా చెయ్యిని ఎడమచేత్తో సర్దుకున్నాడు.

"కొడవలి దించేటోళ్ళు పెద్దాయనా. పిల్లోళ్ళుంటే చెయ్యెత్తరు ఎవురూ. పక్కూరి సోమన్నను అట్లనే గదా ఇడిసిపెట్టినారు, సంకలో మనవరాలుండాదని."

"ఆడపిల్ల."

"ఆడపిల్లంటే ఇంగా మేలు."

తిరుపతమ్మ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం ఆమెకు తెలియలేదు.

"ఏమ్మే," అన్నాడు పెద్దాయన. "రేపటి నుంచి పాపను పొద్దున్నే తయారు చెయ్. గని దాకా పోయొస్తారు. ఆడ పనేముండాది దానికి, కూర్చునేదే గదా. పాలు పోపిస్తా. రెండు గౌన్లు కుట్టిస్తా."

"అది నిలకడగా కూర్చోదు పెద్దాయనా. పడిపోతాది."

"కట్టు."

"మీ పాప..." ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మధ్యలో ఆగిపోయింది.

పెద్దాయనకు కోపం రాలేదు. "మా బుజ్జిదానికి దుమ్ము పడదు. దగ్గొస్తాది," అన్నాడు.

ఆమె షావుకారు వైపు తిరిగింది. చదువుకున్నవాడు, ఊరివాడు కాదు. "ఆ ట్యాంకు మీద పదహారుండాది గదా సార్, గీత కొట్టి. అదేంది?"

"అదా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "పదహారేండ్ల లోపు పిల్లోళ్ళను..." పెద్దాయన అతని వైపు చూశాడు. షావుకారు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "అది నడిపేటోళ్ళకు లేమ్మా. కూర్చునేటోళ్ళకు కాదు."

ఇంక మిగిలింది ఓబుళేశు. మిషను ఆపి, బురద చేతులు రెండూ శరీరానికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూసింది. పెద్దాయన కూడా చూశాడు.

"నువ్వేమంటావప్పా?"

ఓబుళేశు మూడు రోజుల్లో మొదటిసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక పాలిష్ పట్టిన బండలు వరసగా ఆనించి ఉన్నాయి, అంతే.

"అట్లనే పెద్దాయనా," అన్నాడు.

"ఇంగేముండాది." పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు చెప్పిందే గదమ్మే, ఒక్క సీటుదని. నీ మాటే ఇన్యాం."

*

మరుసటి పొద్దున ఆమె మధులతకు తల దువ్వి రెండు జడలు వేసింది. జడ బిగించినప్పుడు పిల్ల "నొప్పి మా" అంది. విప్పి మళ్ళీ వేసింది. మళ్ళీ విప్పింది.

"ఇంగ చాల్లే మా. చిన్నాయన పోతాడు నన్నిడిసి."

"పోతే పోనీ."

"ఊహూఁ."

ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆన్‌లోనే ఉంది. పాత పంచె చించి మూడు మూరల పట్టీ తెచ్చింది తిరుపతమ్మ. చిన్నాయన హెల్మెట్టు పెట్టుకుని, పిల్లను ముందు కూర్చోబెట్టుకుని చేతులు పైకెత్తాడు. ఆమె పట్టీని పిల్ల నడుము మీదుగా తిప్పి, అతని నడుము వెనక ముడి వేసింది. ముడి బిగించకముందే చేతులు ఆగాయి.

మలుపుల్లో బండి ఎగురుతుంది. వదులుగా ఉంటే పిల్ల జారి రాళ్ళ మీద పడుతుంది. కొండ మీద గొర్లు లేని ముగ్గురున్నారు. బిగించి ఉంటే పిల్ల దూకలేదు, పరిగెత్తలేదు. ఆమె ముడి విప్పింది. కొస లాగితే ఊడిపోయే ముడి వేసింది. ఆ కొస ముందుకు తిప్పి పిల్ల చేతికి అందేలా పెడదామని చూసింది. అందలేదు.

"ఇంతసేపా?" అన్నాడు చిన్నాయన.

"గట్టిగా కట్టాలనా, వదులుగానా అని..."

"గట్టిగా కట్టు. చేతులు కూడా లోపలేసి కట్టు. లేకుంటే హ్యాండిలు పట్టుకుంటాది. నా ఎదుర నుంచి ఆ పక్కకు ఈ పక్కకు జరగగూడదు."

గిడ్డయ్య గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేల వైపు చూస్తున్నాడు. షెడ్డులో ఓబుళేశు మిషను అప్పటికే తిరుగుతోంది. అతను తల ఎత్తలేదు. పాలిష్ పట్టిన బండకే మళ్ళీ పాలిష్ పెడుతున్నాడు.

ఆమె రెండు చేతులూ లోపలికి వేసి పట్టీ చుట్టింది. గోనెమూట మూతి కట్టినట్టు మోకాలు బండికి ఆనించి లాగింది. రెండు ముడులు వేసింది. మీద ఇంకొకటి వేసింది.

"మంచి ముడి," అన్నాడు పెద్దాయన కుర్చీలో నుంచి.

బండి ఒక అడుగు కదిలింది.

"మా, మా," అని అరిచింది మధులత. "చేతులు లోపలేసి కట్టినావు. నీకు టాటా ఎట్ల చెప్పేది?"

చిన్నాయన బ్రేకు వేశాడు. తిరుపతమ్మ ముందుకు వచ్చి, పట్టీ కింద వేళ్ళు దూర్చి, తడుముతూ తడుముతూ ఒక చెయ్యి బయటికి తీసింది. ఎడమచెయ్యి దొరికింది. దుమ్ము లేకపోయినా దాన్ని కొంగుతో తుడిచింది.

మొదటి మలుపు దాకా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.